గాజు ఫ్యూజు

ఎత్తున నిలబడ్డవాళ్ళ నెత్తినే పిడుగు పడుతుందంటారు, అందులోనూ చేతిలో అంత పొడుగు కర్ర, కర్ర కొసన తీగ, రమ్మని పిలిచినట్టే కదా, అని తల్లి గుమ్మానికి ఆనుకుని అనుకుంటూనే ఉంది, లోపల కూతురు మంచం నిండా సామాను పరుచుకుని ఒక్కొక్కటే సంచిలో సర్దుతోంది, బిస్కెట్ల డబ్బాలో తన చేత్తో టంకం వేసి కూర్చిన రేడియో, వినడానికే కాదు, తిరిగి మాట్లాడడానికీనట, కర్ర కొసన కట్టేందుకు చెక్కముక్కకు చుట్టిన ఏరియల్ తీగ, తువ్వాలులో పొదివిన బ్యాటరీ, ఆ మాట్లాడేదేదో ఇంట్లో కూర్చుని మాట్లాడకూడదా అంటే, మేడల మధ్య అంతా గరగరేనమ్మా, కొండెక్కితే సముద్రం అవతలివాళ్ళు కూడా పలుకుతారు అంటుంది, వాళ్ళు పలికితే ఒరిగేదేమిటి, కన్నతల్లి పలికితే ఊ కొట్టే తీరిక లేదు గాని, అబ్బ ఈ చెమటేమిటి, గుప్పిట విప్పితే బాగుండును, ఎలా విప్పుతుంది, గుప్పిట్లో ఫ్యూజు ఉంది.

నిన్న ఆ పిల్లే చూపించింది, వేలి కణుపంత గాజుగొట్టం, లోపల వెంట్రుకంత తీగ, బ్యాటరీకీ డబ్బాకీ మధ్య ఇదుంటుందమ్మా, ఎక్కడ తేడా వచ్చినా ముందు ఇది మాడిపోయి మిగతాదంతా కాపాడుతుంది, అచ్చం నీలాగే, ఊరికే మాడిపోతుంది, అని నవ్వింది, హాల్లోంచి ఆయన ఇంకా గట్టిగా నవ్వారు, ఆ నవ్వుల మధ్యనే తనకు తట్టింది, ఇది లేకపోతే డబ్బా పలకదు, డబ్బా పలకకపోతే పిల్ల కదలదు అని, పొద్దున అది స్నానానికి వెళ్ళగానే మరమూత తిప్పి లాగేసింది, కన్నబిడ్డను కాపాడుకోవడం దొంగతనమవుతుందా, బయట జీపు హారను మోగింది, స్నేహితురాలు తొందరపడుతోంది, కూతురు చివరిసారి చూసుకుందామని స్విచ్ నొక్కింది, డబ్బా పలకలేదు, ఇదేంటి, ఫ్యూజేదీ, అమ్మా ఇక్కడేమైనా ఊడ్చావా, లేదే, నేనసలు లోపలికే రాలేదు, నోరు ఎంత తేలిగ్గా అబద్ధమాడిందో, మంచం కింద దూరింది, దిండ్లు దులిపింది, విడిగా ఉన్న ఒకటి రెండూ నిన్న పరీక్షిస్తుంటే పోయాయే, కొట్లు ఇంకా తెరవరే, అని గొణుక్కుంది, అమ్మయ్య, గండం గడిచినట్టే, మీ అమ్మనే సంచిలో పెట్టుకెళ్ళవే, పిడుగు పడేముందే చెబుతుంది, అని పేపరు వెనకనుంచి ఆయన, కూతురు నవ్వలేదు, పోనీలే నాన్నా, ఇంత రాగి తీగ చుట్టేస్తా, ఈ ఒక్క పూటకు ఏం కాదు, అంది.

రాగి తీగ, ఈ ఒక్క పూటకు, ఆయనా అదే మాట అన్నారు, ఆ మధ్య వంటింటి ఫ్యూజు పోతే లావుపాటి తీగ చుట్టి, ఈ ఒక్క పూటకేలేవే అని, సాయంత్రానికి స్విచ్‌బోర్డు చిటపటలాడి కరిగి గోడ పొడవునా మసి పాకింది, తను నీళ్ళు పోయబోతే చెయ్యి విరిగేలా వెనక్కి లాగారు, అది గోడ, ఇది పిల్ల వీపు, ఆ బ్యాటరీ సంచిలో అంటుకుంటే కొండమీద లాగేవాళ్ళెవరు, చెబితే దొంగనవుతాను, ఇక ఈ గదికి తాళం పడుతుంది, నాతో ఒక్క మాటా చెప్పదు, చెప్పకపోతే నిప్పు మూటగట్టి నేనే పంపినట్టు, ముందు నుయ్యి వెనుక గొయ్యి, వెళ్ళొద్దే, అంది, అమ్మా మళ్ళీ మొదలుపెట్టకు, అంటూనే కూతురు కత్తెర అందుకుంది, వాన అని గొడుగు దాస్తే తడుస్తూ పోయింది, ట్రాఫిక్ అని సైకిలు తాళం దాస్తే ఆ లారీల మధ్యే కాళ్ళీడ్చుకుంటూ పోయింది, జ్వరమూ దానికే, బొబ్బలూ దానికే, కత్తెర తీగమీద పడింది, తను ఏది దాచినా ఈ పిల్ల అది లేకుండా వెళ్తుందే తప్ప ఆగదు, ఎన్నడూ ఆగలేదు, ఆగవే తల్లీ, ఫ్యూజు నేనే తీశాను, ఇదిగో, పెట్టుకునే వెళ్ళు.