బేస్తవారం అడవి

మా అడవి మిరపకాయల కొట్టు మీద ఉండేది. కింద మా ఆయన వ్యాపారం, పైన బస్తాలు పెట్టే పెద్ద గది. బేస్తవారం మధ్యాహ్నం మగవాళ్లు తిని మళ్లీ దుకాణాల్లో కూర్చోగానే మేం కొందరం ఆడవాళ్లం ఆ మెట్లెక్కి జంతువులమయ్యేవాళ్లం. నవ్వేవాళ్లు నవ్వండి. 1984లో వరంగల్ బజారు షావుకార్ల ఇళ్లలో ఆడవాళ్లకు సినిమా ఉంది, నోములున్నాయి, చెప్పుకోవడానికి ఒకరి మీద ఒకరికి చాడీలున్నాయి. మాకు వాటితోపాటు అడవి కూడా ఉంది.

నా పేరు వరలక్ష్మి, అడవిలో కాకిని. ఎవరూ పెట్టలేదు, నా గొంతు సంగతి నాకు తెలుసు కనుక నేనే ఎంచుకున్నాను. మా పక్కింటి చిలుకమ్మ పేరుకే చిలుక, పైకి వస్తే ఎలుగుబంటి. బట్టల దుకాణం సరస్వతి కుందేలు. ఆమె ఇంట్లో కూడా కుందేలే, పాపం. ఈ ఆట పెట్టింది మా పెద్ద తోడికోడలు అనసూయక్క. ఆమె ఏనుగు. వాగు పొంగిందనో, పులి తిరుగుతోందనో ఏనుగు ఒక మాట అంటే చాలు, మిరప బస్తాలు గుట్టలయ్యేవి, మేం ఎవరి బుద్ధికి తగ్గట్టు వాళ్లం తుమ్ముకుంటూ కథ నడిపేవాళ్లం.

ఇంటి మాట పైకి తేరాదు. ఇంటి గుట్టు లంకకు చేటు అనేది అనసూయక్క. పైన ఎవరికీ మీరులూ గారులూ లేవు. ముందుగా ఏనుగు ఒక్కొక్క జంతువునూ పేరు పెట్టి పిలుస్తుంది, ఆ జంతువు 'వచ్చిన' అనాలి. ఒకరి బదులు ఇంకొకరు పలకకూడదు. పిలిచినవాళ్లంతా పలికేదాకా ఆట మొదలు కాదు. కుందేలు అత్తగారి కళ్లు కప్పి రావడానికి ఎంత ఆలస్యమైనా సరే, మేం నోరు మూసుకుని కూర్చునేవాళ్లం.

ఆ వానాకాలం అనసూయక్క కామెర్లతో పోయింది. చాలాకాలం ఎవరం పైకి వెళ్లలేదు. దసరా దాటాక చిలుకమ్మే అంది, ఏనుగు లేకపోతే అడవి లేదా అని. సరే, ఇంకో ఏనుగును వెతుకుదామన్నాం. నాకు కావాలని ఉంది, అబద్ధమెందుకు. చిలుకమ్మకూ కావాలని ఉంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరు? చివరికి మాలో ఎవరూ వద్దు, బయటి మనిషిని తెద్దామని తేల్చుకున్నాం. చిలుకమ్మ హనుమకొండ నుంచి తన మేనత్తను పిలిపించింది. ఆవిడ బస్తా మీద కూర్చుని కుందేలుతో కాళ్లు పట్టించుకుంది. ఏ అడవిలోనైనా కుందేలు ఏనుగు కాళ్లు పడుతుందా? మెట్లు దిగేదాకా నేను ఊరుకున్నానంటే అది ఆవిడ అదృష్టం.

అట్లాంటి రోజుల్లో ఒక గేదె వచ్చి మా గల్లీలో లారీకి అడ్డంగా నిలబడింది. హమాలీలు అరిచారు, డ్రైవరు హారన్ కొట్టాడు, అది కదలలేదు. మా కొట్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లలో సమ్మమ్మ అని ఒకామె ఉండేది. కూర్చున్నచోటి నుంచి లేవకుండానే ఒక్క కేక పెట్టింది. కోపం లేదు దానిలో, బతిమాలడం లేదు. గేదె తల తిప్పి మెల్లగా ఆమె వైపు నడిచి వచ్చింది. మెట్ల మీద నిలబడ్డ చిలుకమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"దొరికిందే మన పెద్ద!"

ఆ సాయంత్రమే అడిగాం. మిగిలిన ఆడవాళ్లు వెళ్లిపోయారు, సమ్మమ్మ చేతుల మంట తగ్గడానికి నూనె రాసుకుంటోంది. చిలుకమ్మకు ముందూ వెనకా చూసుకునే అలవాటు లేదు.

"సమ్మమ్మా, మా అడవికి పెద్ద కావాలె. నువ్వు జర వస్తవా?"

సమ్మమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె చిలుకమ్మను కాదు, నన్ను చూసింది.

"మిమ్ములను ఎవలు పంపిండ్రు సేటమ్మా? నాకేం తెల్వది. వాడు ఏ అడవిల ఉన్నడో, ఎవల ఎంబడి తిరుగుతాండో నాకు తెల్వది. పోలీసోల్లకు గూడ గదే చెప్పిన."

చిలుకమ్మ నాలుక కరుచుకుంది. నాకు ఆ క్షణాన భూమిలోకి దిగిపోవాలనిపించింది. మాకు తెలియని సంగతా ఇది? నెక్కొండ దగ్గర ఊరు ఆమెది. ఒక్కడే కొడుకు, మొగిలి. హనుమకొండలో డిగ్రీ చదువుతూ, చదువు మధ్యలో ఆపి అడవికి పోయాడు. ఆ రోజుల్లో మా దగ్గర ఒక పిల్లవాడు అడవికి పోయాడంటే తుపాకీ పట్టినవాళ్లలో కలిశాడని అర్థం. కొడుకు కిరాయికి ఉన్న గదిలోనే తాను వచ్చి ఉంటోంది సమ్మమ్మ. ఎప్పుడైనా వాడు వస్తే, తాళం చూసి వెనక్కి పోతాడని ఆమె భయం. ఇదంతా బజారులో అందరికీ తెలుసు, మాకూ తెలుసు. కాని మాకు అడవి అంటే మిరప బస్తాలు. ఆ మాట ఆమె చెవిలో ఎట్లా పడుతుందో ఒక్కరికీ తట్టలేదు.

నేను ఆమె పక్కన కూర్చుని, తడబడుతూ, మొత్తం చెప్పాను. కాకిని నేను, ఎలుగు ఈమె, ఏనుగు పోయింది అని. పెద్ద పెద్ద ఆడవాళ్లం జంతువులమని చెప్పుకోవడం ఆమె ముందు ఎంత సిగ్గుగా ఉందో నాకే తెలుసు. ఆమె నవ్వలేదు.

"పెద్దగున్నామె అందరిని పిలువాల్నా?"

"పిలువాలె."

"పిలిస్తే వస్తరా?"

"పలుకాలె. పలుకకుంటే ఆట మొదలు గాదు. వచ్చేదాక ఆగుడే."

"వచ్చేదాక ఆగుతరా మీరు?" అంది. చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఇంక రాదనుకున్నాం.

బేస్తవారం మేం వెళ్లేసరికి ఆమె గడప బయట నిలబడి ఉంది. అనసూయక్క కూర్చునే బస్తా చూపించాను. కూర్చుంది. గొంతు సవరించుకోలేదు, సంకోచపడలేదు.

"కాకీ."

మా కొట్లో కూలికి వచ్చే మనిషి నన్ను అట్లా పిలిస్తే సరస్వతి ఉలిక్కిపడింది. నాకు మాత్రం ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. అనసూయక్క పోయాక నన్నెవరూ అట్లా పిలవలేదు.

"వచ్చిన," అన్నాను.

"ఎలుగూ."

"వచ్చిన."

"కుందేలా."

"వచ్చిన."

మా అందరి పేర్లూ అయిపోయాయి. ఆమె కొంచెం ఆగి, కిటికీ వైపు తిరిగి, గేదెను పిలిచిన గొంతుతోనే పిలిచింది.

"జింకపిల్లా."

మాలో జింకపిల్ల లేదు. ఎవరని అడగనక్కర లేదు. సమ్మమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేమూ కూర్చున్నాం. సరస్వతి మెత్తని మనిషి, తట్టుకోలేక 'వచ్చిన' అనబోయింది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాను. ఒక తల్లి కొడుకును పిలుచుకుంటుంటే మధ్యలో మనం దూరి పలకడానికి మనమెవరం? కింద నల్లా నీళ్లు వచ్చే వేళయ్యింది. ఆట మొదలు కాకుండానే దిగిపోయాం.

తరువాతి వారమూ అంతే. ఆ తరువాతా అంతే. చిలుకమ్మ విసుక్కుంది. "ఇదేం ఆటనే వరలక్ష్మీ, ముక్కు మూసుకొని కూసునుడు! ఆమెకు జర చెప్పరాదూ," అంది. నాకూ విసుగ్గానే ఉంది, దాచేదేముంది. వారమంతా గంటె పట్టుకుని, ఆ ఒక్క పూట కాకినై అరుద్దామని వచ్చేదాన్ని. అయినా చిలుకమ్మ మీదే కేకలేశాను. "కుందేలు కోసం ఆగినప్పుడు నీకు బరువు గాలేదు గదా? గిప్పుడెందుకు బరువైతాంది? ఆగుతమని మనమే మాటిచ్చినం," అన్నాను. నిజం చెప్పాలంటే, వాడు ఒక బేస్తవారం ఆ మెట్లెక్కి నిజంగానే వస్తాడని నేను నమ్మడం మొదలుపెట్టాను. మెట్ల మీద చప్పుడైతే అందరికంటే ముందు నేనే తల తిప్పి చూసేదాన్ని.

మిరప సీజను మధ్యలో సమ్మమ్మ పనికి రావడం మానేసింది. జ్వరమేమోనని మనిషిని పంపితే గదికి తాళం ఉందన్నాడు. ఆ గదికి ఆమె తాళం వేసి పోవడమా! ఊరికి పోయి ఉంటుంది, ఫికర్ చేయకు అంది చిలుకమ్మ. పెద్ద లేని అడవికి మేం బేస్తవారం బేస్తవారం పోయి, ఊరికే కూర్చుని వచ్చేవాళ్లం.

ఎండలు ముదురుతుండగా ఒకరోజు ఆమె వచ్చింది. సగమైంది మనిషి. ఎవరినీ పలకరించకుండా తన బస్తా మీద కూర్చుని పిలిచింది. కాకీ అంది, వచ్చిన అన్నాను. ఎలుగు పలికింది, కుందేలు పలికింది. సమ్మమ్మ కిటికీ వైపు తిరగలేదు.

"వాన వడుతాంది అడవిల. ఇగ మొదలువెట్టుండ్రి."

ఇన్నాళ్లూ ఆ మాట కోసమే చూశాం. ఒక్కరం కదలలేదు. సరస్వతి నా కొంగు లాగింది, వద్దని. కాని నా నోరు ఎప్పుడు నా మాట విన్నది గనక?

"జింకపిల్లను పిలువలే నువ్వు."

ఆమె తల వంచుకుంది.

"అందరు పలుకంది మేం ఆడం. నువ్వు పిలువకుంటే నేను పిలుస్త," అని, కిటికీ వైపు తిరిగి పిలిచాను. "జింకపిల్లా!"

"వచ్చిండు," అంది సమ్మమ్మ.

నేను వెనక్కి తిరిగి చూశాను.

"వచ్చిండు కాకీ. పోలీసోల్లు చెద్దరు కప్పి తెచ్చిండ్రు. నెక్కొండల దించుకున్నం. ఈడు నా కొడుకేనని నేనే చెప్పిన. దినాలు గూడ అయిపోయినయి." ఆమె మా అందరినీ ఒకసారి చూసింది. "అందరు వచ్చినట్టే. మీరు గిన్ని దినాలు ఆగిండ్రు. ఇగ ఆడుండ్రి."

చిలుకమ్మ బావురుమంది. నేను లేచి వెళ్లి సమ్మమ్మ పక్కన కూర్చుని, మిరప మంటకు తోలు లేచిన ఆ చేతులు పట్టుకున్నాను. ఆమె మళ్లీ అంది, వాన వడుతాంది అని. అందరికంటే ముందు కుందేలు లేచి బస్తాల చాటుకు పోయింది. ఎలుగు దాని వెనక పోయింది. నేను రెక్కలు చాచి ఏనుగు మీద వాన పడకుండా నిలబడ్డాను. ఏడుస్తూనే ఆడాం.