దిష్టి తొట్టి

మా ఆయన సినిమా మొదలుపెట్టిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి చస్తుంది. మొదటి సినిమాకి తులసి మొక్క, రెండోదానికి ఫ్రిజ్. ఈసారి చేపల వంతు.

మా ఆయన రఘునందన్ నిర్మాత. ముహూర్తం రోజున సిద్ధాంతి త్రినాథరావుగారు ఈశాన్యంలో ఎనిమిది చేపలు పెట్టమన్నారు. ఫిల్మ్‌నగర్ ఆఫీసులో చోటు లేక జూబ్లీహిల్స్‌లో మా హాల్లోనే అద్దాల తొట్టి వెలిసింది. అందులో నారింజ ఒంటి మీద నల్లచారల టైగర్ బార్బ్‌లు. ఆరుకి తగ్గితే ఒకదాని తోక ఒకటి కొరుక్కునే జాతి. సినిమా వాళ్లు గుంపుంటే కొరుక్కుంటారు, ఇవి గుంపు లేకపోతే.

వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చి, చిటికెడు మేత వేయమన్నాడు చేపలు అమ్మినవాడు. విడుదలయ్యేదాకా నీళ్లు కదపొద్దన్నారు సిద్ధాంతిగారు. కదిపితే కలిసొచ్చింది కారిపోతుందట.

మా ఇంట్లో ఎవరి మాట నెగ్గిందో చెప్పనక్కర్లేదు. పైగా వచ్చిన ప్రతివారూ ప్రసాదం వేశారు. పులిహోర మెతుకులు, అక్షింతలు, కొబ్బరి. హీరోగారి మేనేజరైతే లడ్డూ నలిపి వేసి, నేతి వేళ్లు అందులోనే కడుక్కున్నాడు. నెల తిరిగేసరికి పైన నూనె తెట్టు, అడుగున బూజు పట్టిన మెతుకులు, అద్దానికి చీమిడిలా సాగే జిగట.

"గీ కంపేందమ్మా? సోఫా కింద ఎలుక గిట్ల సచ్చిందా?" అంది రహమత్ నగర్ నుంచి పనికొచ్చే దేవమ్మ.

"ఎలుక కాదు దేవమ్మా, లక్ష్మీకళ."

"గట్లనా? మరి నీ లక్ష్మికి జర తానం పోయరాదు!"

మొదటి చేప వెల్లకిలా తేలింది. కన్ను అప్పటికే తక్కినవి తినేశాయి. దాన్ని తీసి పారేద్దామని నేను గరిటె తెచ్చాను. మా ఆయన మాత్రం చేతులు జోడించారు.

"దిష్టి తీసుకుపోయింది హరిణీ! మన మీదకి రావలసింది దాని మీదకి పోయింది."

రెండోది పోతే స్వీట్లు పంచారు. షూటింగంతా అయిపోయాక, మూడోది పోయిననాడు వేళ్లు లెక్కపెట్టారు. "ఇంకా ఐదున్నాయి. విడుదలకి ఇరవై రోజులు. సరిపోతాయి."

ఆ 'సరిపోతాయి' అన్న మాటకన్నా తొట్టి కంపే నయమనిపించింది. అన్నిటికన్నా చిన్నది, తోక పీలికలైపోయి, ఫిల్టరు గొట్టం వెనక నక్కి ఉంది. దీన్ని మాత్రం చావనివ్వకూడదనుకున్నాను.

"నీళ్లు మారుద్దామండీ."

"నీకు చేప ఎక్కువా, నేనెక్కువా?"

"ఇలా తొట్టి పక్కన నిలబడి అడగకండి. తేడా తెలియడం లేదు."

విడుదల రోజు తొలి ఆటకి వేళ చూడ్డానికి సిద్ధాంతిగారు వచ్చారు. ఆయన్ని తొట్టి పక్కనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఒక్క గుక్క తాగి, కప్పు దింపి, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"సిద్ధాంతిగారూ, మావారి దిష్టంతా ఈ నీళ్లలోకే దిగిందంటారా?"

"సందేహమేంటమ్మా! మూడు ప్రాణులు పోయాయి కదా."

"మరి దిష్టి తీసిన నీళ్లు నట్టింట్లో దాచుకుంటారాండీ? ఎవరూ తొక్కని చోట పారబోస్తారు గానీ."

సిద్ధాంతిగారు తొట్టిని చూశారు, కాఫీని చూశారు. "అదే చెప్పబోతున్నానమ్మా. పారబోయాలి."

"ఒక్కసారే కాదు, మూడు విడతలుగా కదండీ?"

"మూడు శ్రేష్ఠం."

"ఎవరి దిష్టి వాళ్లే తోడుకోవాలేమో?"

"వాళ్లే తోడుకోవాలి," అంటూ ఆయన కిటికీ దగ్గరికి జరిగారు.

మా ఆయన చేతికి రబ్బరు గొట్టం ఇచ్చాను. "ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస నోటితో లాగి బకెట్లోకి వదలండి. తర్వాత అవే దిగుతాయి." దానికి చేత్తో నొక్కే చిన్న పంపు కూడా ఉంటుంది. చేపలు అమ్మినవాడు మేతతోపాటు ఇచ్చాడు. అప్పుడు గుర్తు రాలేదు.

ఆయన గట్టిగా లాగారు. నీళ్లు ఆయన అనుకున్నదానికన్నా ముందే వచ్చాయి. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు గుండ్రమయ్యాయి. మీసం మీద పులిహోర ఆవగింజ ఒకటి నిలిచింది. ఒక్క పరుగున వాష్‌బేసిన్ దగ్గరికి పోయారు.

క్లోరిన్ పోవాలని రెండ్రోజులుగా డాబా మీద ఉంచిన నీళ్లు తెచ్చి మెల్లగా పోశాను. తోక పీలికల చేప ఫిల్టరు గొట్టం వెనక నుంచి సగం బయటికొచ్చి ఆగింది.

"హరిణీ! మింగేశాను!" లోపలి నుంచి కేక.

"కంగారుపడకండి. దిష్టి మళ్లీ మీలోకే పోయిందేమో, సిద్ధాంతిగారు ఇక్కడే ఉన్నారు, అడుగుతానుండండి."

మర్నాడు మూడు కొత్త చేపలు తెచ్చాను. ఇప్పుడు తొట్టిలో ఎవరైనా ప్రసాదం వేయబోతే ఇంకా రెండు విడతలు తోడాల్సిన మా ఆయనే చెయ్యి పట్టుకుని ఆపుతున్నారు.