కెప్టెన్ గారి అంగీకారం

సొంత ఇల్లు కొనాలని నిశ్చయించుకున్న రోజే ఆ ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. భర్తది గుట్ట పార్టీ, భార్యది ఏటి ఒడ్డు పార్టీ. భార్య తల్లి ఏ పార్టీలోనూ చేరలేదు గానీ, ఆదివారాలు ఇళ్లు చూడడానికి బయల్దేరేటప్పుడు అందరికంటే ముందు కారెక్కి కూర్చునేది ఆవిడే. పదేళ్ల పాప మాత్రం, తన గదికి లోపలి వైపు గడియ ఉంటే చాలు, ఇల్లు ఎక్కడున్నా తనకేం ఫర్వాలేదంది.

ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. లిఫ్టు ఎక్కితే అందరూ అద్దంలో మొహం చూసుకుంటారు. ఆయన తలుపు మూసుకునే చప్పుడు వింటాడు. తాళ్లు అరిగాయా, బ్రేకు పట్టుకుంటోందా, ఆగినప్పుడు లిఫ్టు అడుగు నేలతో సమంగా నిలుస్తోందా అని చూసి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. గుట్ట మీద ఇళ్లన్నీ మూడంతస్తులవి. ప్రతి ఇంట్లోనూ సొంత లిఫ్టు. పన్నెండేళ్లు ఆ లిఫ్టులు తనిఖీ చేసి చేసి, ఏనాటికైనా అలాంటి లిఫ్టులో ఏ కాగితం మీదా సంతకం పెట్టే పని లేకుండా తీరిగ్గా ఎక్కి దిగాలన్న కోరిక ఆయనలో నాటుకుపోయింది.

ఆవిడ పళ్ల డాక్టరు. రెండు కాలనీల వాళ్లూ ఆవిడ దగ్గరికే వస్తారు. గుట్ట మీది వాళ్లు ఆందోళనతో నిద్రలో పళ్లు కొరుకుతారనీ, దవడ పళ్లు బల్లపరుపుగా అరిగిపోయి ఉంటాయనీ ఆవిడకు తెలుసు. ఏటి ఒడ్డు వాళ్ల పళ్లూ అరుగుతాయి, కాకపోతే కాస్త తక్కువ. పిల్లను పెంచడానికి ఆ కాస్త తేడా చాలని ఆవిడ వాదన. పైగా స్కూలు అటువైపే, నేల చదును, తల్లి మోకాళ్లకు మెట్ల బాధ ఉండదు.

వాదనలతో తేలేది కాదని ఇన్‌స్పెక్టరు ఒక తనిఖీ పట్టిక తయారుచేశాడు. గాలి, నీళ్లు, రోడ్డు వెడల్పు, కుక్కల అరుపులు, ఇలా నలభై అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. ఎన్నిసార్లు కూడినా గుట్టే ముందుండేది. 'వీధి హోదా' అన్న అంశం పట్టికలో రెండు చోట్ల ఉందని పాప కనిపెట్టింది. పొరపాటున పడిందన్నాడు గానీ, కొట్టెయ్యలేదు.

చివరికి గుట్ట మీద ఒక ఇల్లు ఆయనకు తెగ నచ్చింది. అమ్మే పెద్దమనిషి ఇల్లంతా తిప్పి చూపించి, ఇక్కడి ప్రశాంతత మరెక్కడా దొరకదనీ, పదకొండేళ్లలో పక్కింటివాళ్ల మొహం ఒక్కసారి కూడా చూడలేదనీ గర్వంగా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు మురిసిపోయాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని అత్తగారు మెల్లగా బయటికి నడిచి పక్కింటి గంట నొక్కింది. గేటు స్తంభంలోని స్పీకర్లోంచి ఒక ఆడగొంతు, పార్శిలు అక్కడ పెట్టి వెళ్లమంది. తాను పార్శిలును కాదనీ, మనిషిననీ, గుక్కెడు మంచినీళ్లు ఇప్పించమనీ ఈవిడ అడిగింది. స్తంభం కాసేపు ఆలోచించింది. మనుషులైతే ముందు ఫోన్ చేసి రావాలని చెప్పి ఊరుకుంది.

అత్తగారు తిరిగొచ్చి కారులో కూర్చుంది. సంగతేమిటని అల్లుడు అడిగితే నింపాదిగా చెప్పింది.

"ఏం లేదు బాబూ. ఇక్కడ నేను పోయినా, గేటు దగ్గర పెట్టి వెళ్లమంటారు."

నలభై అంశాల్లోనూ దీనికి జవాబు లేదు. డాక్టరమ్మ మొగుడి వైపు చూసింది, అంతే. గుట్ట పార్టీ ఆ క్షణమే రద్దయింది. పార్టీ అధ్యక్షుడు రెండు వారాలు మొహం మాడ్చుకుని తిరిగాడు.

ఏటి ఒడ్డు ఇల్లు చూపించిన బ్రోకరు, అంతా అయ్యాక గొంతు తగ్గించి ఒక ముక్క చెప్పాడు. అమ్మేవాళ్లు ఒప్పుకున్నా సరిపోదట. కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు కుటుంబాన్ని చూసి సరేననాలట. ఇన్‌స్పెక్టరు నవ్వేశాడు. ఆ కాలనీలో దోమలున్నాయనీ, ఇళ్లు పొట్టిగా ఉన్నాయనీ, ఏదో భార్య మొహం చూసి ఒప్పుకుంటున్నాననీ అప్పటికే పదిమందికి చెప్పుకున్నాడు. చూస్తే చూడనీ అనుకున్నాడు.

సంఘం హాల్లో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, విమానాలు నడిపి రిటైరైన మనిషి. అందరూ ఆయన్ని కెప్టెన్ గారనే పిలుస్తారు. ఒక పక్క నిద్రమొహం మెంబరు, ఇంకో పక్క సన్నటి పెన్నుతో ప్రతిదీ రాసుకునే మేడమ్. బట్టలు ఎక్కడ ఆరేస్తారని అడిగారు. ఇంట్లో గట్టిగా తుమ్మేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఇన్నాళ్లూ తనిఖీ చేసిన మనిషికి తనిఖీ అయ్యేవాళ్ల అవస్థ మొదటిసారి తెలిసింది. అయినా అన్నిటికీ ఒద్దికగా జవాబు చెప్పాడు. చివరికి మేడమ్, ఇంటి ముందు కూర్చునే అలవాటు ఎవరికైనా ఉందా అంది. లేదని అల్లుడు నోరు తెరిచేలోగా అత్తగారు అందుకుంది.

"వాకిలి ఉన్నది అందుకే కదమ్మా?"

మేడమ్ అది కూడా రాసుకుంది. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది: 'మీ దరఖాస్తును ప్రస్తుతానికి పక్కన పెట్టడమైనది.'

ఆ ఒక్క వాక్యంతో ఏటి ఒడ్డు స్వర్గమైపోయింది. దోమలు మాయమయ్యాయి. పొట్టిగా ఉన్న ఇళ్లు ముచ్చటగా కనిపించసాగాయి. పోతే పోనిద్దాం, ఇంకోచోట చూద్దామని డాక్టరమ్మ అంటే ఆయన ఒంటికాలి మీద లేచాడు. మనల్ని వద్దనడానికి వాళ్లెవరన్నాడు. పట్టిక మళ్లీ వేశాడు. ఈసారి ఏటి ఒడ్డు ముప్ఫై మార్కుల తేడాతో నెగ్గింది. 'వీధి హోదా' ఇప్పుడు మూడు చోట్ల ఉంది.

అలాంటి సమయంలో కెప్టెన్ గారి దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. ఆ ఊళ్లో మంచి డాక్టరంటే ఆవిడే కాబట్టి, కాస్త మొహమాటపడుతూనే వచ్చాడు. ఇంటి గొడవ క్లినిక్‌లోకి తేవద్దని డాక్టరమ్మ ముందే మొగుడికి ఖండితంగా చెప్పింది. ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు. ఆ మధ్యాహ్నమే భార్యకు భోజనం క్యారియరు పట్టుకుని క్లినిక్‌కు వెళ్లాడు. పెళ్లయ్యాక ఆ పని చెయ్యడం అదే మొదటిసారి.

కెప్టెన్ కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. సగం మొహం మొద్దుబారింది. నోటికి అడ్డంగా రబ్బరు షీటు, దానికి క్లిప్పులు, పెదవి మూలన ఉమ్మి లాగే గొట్టం, మెడ కింద పసిపిల్లలకు కట్టినట్టు గుడ్డ. డాక్టరమ్మ ఎక్స్‌రే చూడడానికి పక్కగదిలోకి వెళ్లింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ మీదికి వంగి, మా దరఖాస్తు మళ్లీ చూడరాదా అని వినయంగా అడిగాడు.

కెప్టెన్ కళ్లు పెద్దవి చేసి "ఊఁ" అన్నాడు.

"అయితే ఒప్పుకున్నట్టేనాండీ?"

"ఊఁ, ఊఁ" అంటూ కెప్టెన్ తల కూడా ఆడించాడు. ఇన్‌స్పెక్టరు చేతులు జోడించి, క్యారియరు అక్కడే పెట్టి బయటపడ్డాడు. సాయంత్రానికల్లా సంఘానికి ఉత్తరం పంపాడు, మెంబర్లందరికీ తలా ఒక కాపీతో: అధ్యక్షులవారు ఈరోజు తమ నోటితో స్వయంగా తెలిపిన అంగీకారానికి మా కుటుంబం ఎంతో రుణపడి ఉంటుంది.

సంగతి తెలిసి డాక్టరమ్మకు నోట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు. "నోట్లో గొట్టం పెట్టుకున్న మనిషి ఊఁ అంటే ఒప్పుకున్నట్టాండీ?"

"తల కూడా ఊపారు."

"నొప్పెట్టి ఊపుంటారు."

సిగ్గుతో చితికిపోతూ ఆవిడే కెప్టెన్‌కు ఫోన్ చేసి క్షమాపణ చెప్పబోయింది. ఆయన ఆవిణ్ణి పూర్తి చెయ్యనివ్వలేదు. అప్పటికే మెంబర్లంతా ఆ ఉత్తరం చదివేశారు. తాను ఒప్పుకోలేదని చెప్పాలంటే, ఏ స్థితిలో ఉండగా అడిగారో చెప్పాలి. మెడలో గుడ్డ సంగతి, గొట్టం సంగతి ఆ సన్నటి పెన్ను మేడమ్ ముందు చెప్పాలి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇచ్చిన ఆర్డరు ఒక్కటి కూడా వెనక్కి తీసుకోని మనిషి ఆయన. "నేను ఒప్పుకున్న మాట నిజమేనమ్మా, బాగా ఆలోచించే ఒప్పుకున్నాను" అన్నాడు, దవడ పట్టుకుని.

అలా ఏటి ఒడ్డుకు మారారు. గడియ ఉన్న గది పాపకు దొరికింది. అత్తగారు మొదటి సాయంత్రమే ఒక కుర్చీ వాకిట్లో వేసుకుని, ఊలు అల్లుకుంటూ కూర్చుంది. నాలుగు రోజులు అందరూ చూసీ చూడనట్టు పోయారు. అయిదో రోజు ఎదురింటావిడ అల్లిక అడిగే నెపంతో వచ్చి నిలబడింది. తర్వాత కూర్చుంది. రెండు నెలల్లో ఆరు కుర్చీలయ్యాయి. ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకునేవారు. వాటిలో ఒకటి కెప్టెన్ భార్యది. ఒకటి సన్నటి పెన్ను మేడమ్‌ది. పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి వచ్చేది.

ఇన్‌స్పెక్టరు ఈలోగా సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఇంత ఆరాటపడి వచ్చినవాడు ఇంకొకడు లేడని కెప్టెనే పేరు ప్రతిపాదించాడు. అంతటి కార్యదర్శి ఆ కాలనీకి ముందెన్నడూ దొరకలేదు. టేపు పట్టుకుని కంచె మొక్కల ఎత్తు కొలిచేవాడు. గేట్ల రంగులు సరిచూసేవాడు. ఒకనాడు పేరు లేని ఫిర్యాదు ఒకటి వచ్చింది: ఒక ఇంటి ముందు రోజూ నలుగురికి మించి గుమిగూడుతున్నారు, పదిహేడో నిబంధన ప్రకారం చర్య తీసుకోగలరు. నిబంధన నిబంధనే. నోటీసు తయారుచేసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి, స్వయంగా పట్టుకెళ్లాడు.

వాకిట్లో అందరూ ఉన్నారు. అత్తగారు రెండు చేతులకూ ఊలు చుట్టుకుని ఉంది. చేతులు ఖాళీ లేవు, మీరే చదవండి బాబూ అంది. ఆయన నిలబడే చదివాడు. అందరూ శ్రద్ధగా విన్నారు.

"సంతకం ఎవరిది?" అంది అత్తగారు.

"కార్యదర్శిది."

"అంటే?"

"నాదేనండీ."

"ఆయనకు మన మాట ఏదన్నా చెప్పుకోవచ్చా?"

"ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు అత్తయ్యా."

"అయితే మీరే రాసిపెట్టండి. మీ ఆఫీసు భాష నాకు రాదు."

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. అత్తగారు చెబుతుంటే రాశాడు. కొన్నిచోట్ల ఇలా రాస్తే కార్యదర్శి ఒప్పుకోడని చెప్పి మాట మార్చాడు కూడా. ఇది గుమిగూడడం కాదు, ఒకరి కోసం ఒకరు ఎదురుచూడడం అని కెప్టెన్ భార్య ఒక ముక్క చేర్చమంది. అది ఆయనకు బాగా నచ్చింది. రెండో పేజీలో ఉండగా డాక్టరమ్మ క్లినిక్ నుంచి వచ్చింది. మొగుడు మెట్టు మీద కూర్చుని తనకు తానే ఉత్తరం రాసుకోవడం చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్లి ఆయనకో కుర్చీ తెచ్చి వేసింది.

తర్వాతి మీటింగులో కార్యదర్శి ఆ జవాబు చదివి వినిపించాడు. చాలా పద్ధతిగా రాశారని కెప్టెన్ మెచ్చుకున్నాడు. మేడమ్ ఈసారి ఏమీ రాసుకోలేదు. నోటీసు వెనక్కి తీసుకుందామని ఎవరూ అనలేదు. జవాబు పరిశీలనలో ఉందని మినిట్సులో ఎక్కించారు. ఆ పరిశీలన ఇంకా నడుస్తూనే ఉంది. కుర్చీలు తొమ్మిదయ్యాయి.