కాళ్లు లేని పిట్టలు

"నీ చేతి వంట మేం తింటాం గానీ, పితృదేవతలు తినరమ్మా" అని భ్రమరాంబ మొదటిసారి అన్నప్పుడు హరిప్రియ కొత్త కోడలు. అప్పట్నుంచీ ఏటా తద్దినానికి ఆ మాట వింటూనే ఉంది. మామగారు పోయాక అత్తగారు కాకినాడ ఇల్లు తాళం వేసి, ఆస్ట్రేలియాలో, టూవూంబాలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆవిడతో పాటు ఆ మాటా విమానం దిగింది.

దానికి కారణం హరిప్రియ అమ్మమ్మ. ఆవిడది వేరే కులం. తాతయ్య ఇష్టపడి గుళ్లో తాళి కట్టి తెచ్చుకున్నాడు. ఆ సంగతి దాచి పెళ్లి చేయలేదు. "ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తారండీ" అన్నాడు అప్పట్లో పెళ్లికొడుకు ద్వారకానాథ్. చూసేది తన తల్లేనని అతనికి తెలియక కాదు. రోజువారీ వంటకి ఏ పట్టింపూ లేదు. వృద్ధుల హోమ్‌లో నర్సు డ్యూటీ చేసి, ముసలివాళ్లని లేవదీసి పడుకోబెట్టి నడుం పట్టేసినా, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది హరిప్రియే. తద్దినం నాడు మాత్రం బ్రిస్బేన్ నుంచి వంటావిడ వస్తుంది. హరిప్రియ లీవు పెట్టాలి, ఇల్లు కడగాలి, ఇత్తడి గిన్నెలు తోమాలి, వంటావిడ రాగానే గరాజ్‌లోకి వెళ్లి కూర్చోవాలి. అందరూ తిన్నాక మళ్లీ తోమడానికి రావాలి. ఈసారి తద్దినం గురువారం వచ్చింది.

దానికి ముందు ఆదివారం ఆడ్రీ భోజనానికి వచ్చింది.

ఆడ్రీ సంగతి వేరే కథ. ఫాదర్స్ డేకి కూతురు లాస్య ద్వారకానాథ్‌కి డీఎన్ఏ కిట్ కొనిచ్చింది. అతను సరదాకి గొట్టంలో ఉమ్మి పంపాడు. రిజల్టులో కొంచెం ఇంగ్లండు రక్తం తేలింది. "ల్యాబ్‌లో శాంపిల్స్ కలిసిపోయుంటాయి" అని కొట్టిపారేశాడు. అతను యూనివర్సిటీలో లెక్కలు చెప్తాడు, ఎదుటివాళ్ల లెక్కే తప్పంటాడు. ఈలోగా దగ్గర్లోని వార్విక్ ఊరి నుంచి ఆడ్రీ అనే రిటైర్డ్ టీచరు 'మనం చుట్టాలం' అని మెయిల్ పెట్టింది. వెనకే తమ వంశ చిహ్నమున్న డాలు ఫోటో పంపింది. దాంతో ద్వారకానాథ్ గొంతే మారిపోయింది.

"హరీ, వాళ్లది మామూలు ఫ్యామిలీ కాదే. కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉంది! సండే లంచ్‌కి పిలిచా. స్పైసీ వద్దు. అమ్మకి నేనే మెల్లిగా చెప్తాలే."

హరిప్రియకి అత్తగారి సంగతే బెంగ. ముసలావిడ ఇది విని తట్టుకుంటుందా? నర్సు బుద్ధి కదా, బీపీ మిషన్ తెచ్చి డైనింగ్ టేబుల్ కింద అందుబాటులో పెట్టుకుంది.

పులిహోర తిని, "లవ్లీ, లవ్" అని హరిప్రియ చెయ్యి తట్టి, ఆడ్రీ పటం విప్పింది. నీలం డాలు, మీద మూడు తెల్ల పిట్టలు.

"వై డోంట్ దే హ్యావ్ ఫీట్?" అంది లాస్య. నిజమే, ఒక్క పిట్టకీ కాళ్లు లేవు.

పూర్వం ఇంగ్లండులో పెద్ద కొడుక్కే భూమంతా పోయేదట. చిన్న కొడుకులకి వాలడానికి చోటుండదు, అందుకే ఆ పిట్టలకి కాళ్లుండవంటారు అంది ఆడ్రీ. ఆవిడ ముత్తాతగారి తాత అలాంటి చిన్న కొడుకే. ఓడెక్కి ఈ దేశం వచ్చి గొర్రెలు కాశాడు. ఆ గొర్రెలకాపరి వెనక డాలున్న ఇల్లొకటి ఉందని తెలుసుకోవడానికి ఆవిడకి సగం జీవితం పట్టింది. ఆయన తమ్ముడొకడు ఇండియా వెళ్లాడు. ధవళేశ్వరం దగ్గర కాలవల పనిలో ఇంజనీరు. అతనికి వంటమనిషి వల్ల ఒక కొడుకు పుట్టాడు. ఇంగ్లండు వెళ్లిపోతూ పిల్లాణ్ణి పిల్లల్లేని ఒక బడిపంతులుకి ఇచ్చేశాడు. పిల్లాడివి పిల్లికళ్లట.

హరిప్రియ గబుక్కున మొగుడి కళ్లలోకి చూసింది. అవీ పిల్లికళ్లే. ఆ కళ్లు వాళ్లింట్లో గొప్ప. లాస్య పుట్టినప్పుడు భ్రమరాంబ ఉయ్యాల మీదికి వంగి, "మా కళ్లూ రాలేదు, రంగూ రాలేదు. మీ అమ్మమ్మ పోలికే" అని మూతి తిప్పుకుంది. ఈ వంశానికి మూలపురుషుడు పంతులుగారు పెంచుకున్న పిల్లాడేనని, దేవుడిచ్చిన బిడ్డని ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది. అంటే గోత్రం కూడా పంతులుగారిదే.

ద్వారకానాథ్ నీళ్లు నమిలి నమిలి తల్లికి అంతా తెలుగులో చెప్పాడు. హరిప్రియ చెయ్యి టేబుల్ కిందికి పోయింది. భ్రమరాంబ పటం వంక చూసింది, ఆడ్రీ వంక చూసింది.

"దొరలట్రా?"

"అవునమ్మా. జమీందార్లలాంటి వాళ్లు."

"మరి నే చెప్పలా! ఆ కళ్లూ ఆ రంగూ ఊరికే వస్తాయా?" ఆవిడ మొహం వెలిగిపోయింది. "వదినగారూ, ఇంకాస్త పులిహోర వేయించుకోండి" అని ఆడ్రీ చెయ్యి పట్టుకుంది. అప్పటికప్పుడు కాకినాడలో చెల్లెలికి వీడియో కాల్. "ఒసే శ్యామసుందరీ, మీ బావగారిది దొరల వంశమేనే!"

హరిప్రియ బీపీ మిషన్ మీంచి చెయ్యి తీసేసింది. ఆవిడ కుప్పకూలుతుందనుకుంది, కనీసం ముద్ద దిగదనుకుంది. ఇదేమిటి? అమ్మమ్మ తాళి కట్టించుకుంది. ఒకే మొగుడితో కాపురం చేసి పోయింది. ఆవిడ కడుపున పుట్టిన బిడ్డకి పుట్టినందుకు తను గరాజ్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. ఈ దొర ఎవరికీ తాళి కట్టలేదు, కన్న కొడుకుని ఎవరికో ఇచ్చేసి ఓడెక్కాడు, ఆయనకి పెద్దపీట. మైల మగవాడి వైపునుంచి వస్తే వంశమవుతుందా? ఆడదాని వైపునుంచి వస్తేనే మైలా? ఇన్నేళ్లూ తనలోనే ఏదో లోపం ఉందని, ఆ లోపాన్ని మంచితనంతో కప్పుకోవాలని తోమీ తోమీ చేతులు అరగదీసుకుంది. లోపం ఎక్కడుందో ఇవాళ పులిహోర ముందు తెలిసింది.

"ఆ పిల్లాణ్ణి కన్న వంటమనిషి పేరేంటి?" అని ఇంగ్లీషులో ఆడ్రీని అడిగింది.

ఆడ్రీ తల దించుకుంది. చాలా వెతికిందట. దొరగారి గుర్రం పేరు దొరికింది. ఆమె పేరు దొరకలేదు.

"ఎవరో వంటమనిషిలే హరీ, ఇప్పుడదెందుకు?" అన్నాడు ద్వారకానాథ్.

ఆడ్రీ కారు సందు తిరగగానే ద్వారకానాథ్ కుర్చీ ఎక్కి, ఆవిడ ఇచ్చిపోయిన డాలు పటం కోసం హాల్లో మేకు కొట్టాడు. "కొంచెం కుడికిరా" అని కింద నిలబడి చెప్పి, భ్రమరాంబ కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, గురువారానికి ఇత్తడి గిన్నెలు దింపావా? లీవు పెట్టావు కదూ?"

"అత్తయ్యా, ఆ దొరగారి పిల్లాడికి మొదటి ముద్ద ఎవరు పెట్టారంటారు?"

"అదేం మాటే?"

"ఆ వంటమనిషే కదా. ఆవిడ కులం మీకు తెలీదు, పేరూ తెలీదు. ఆ చేతి కూడు తినే మీ పితృదేవతలు పెరిగారు."

"హరీ, చాలు ఆపు" అన్నాడు ద్వారకానాథ్ కుర్చీ మీంచి.

"ఆపేస్తానండీ. ఆవిడ పేరు కనుక్కుని, తద్దినంలో ఆ పేరు చెప్పి పిండం పెట్టండి. ఆ ఏడు నేను లీవు పెడతా." ఫోన్ తీసి హోమ్‌లో రోస్టర్ చూసే వీణకి చేసింది. "వీణా, గురువారం లీవు క్యాన్సిల్. పొద్దున షిఫ్ట్ నాకే వేసేయ్."

లాస్య ఒక్కతే తల్లి వంక కొత్తగా చూస్తోంది. గోత్రం మారినా వణకని భ్రమరాంబ గొంతు అప్పుడు వణికింది.

"మరి గిన్నెలెవరు తోముతారే?"