మెడదాకా దుప్పటి

బొమ్మకు చలేమిటని ఎవరైనా నవ్వుతారు. అయినా నర్సు నబీసా, శిక్షణ గదిలో రోగిలా ఊపిరి తీసే యంత్రపు బొమ్మకు మెడదాకా దుప్పటి కప్పింది. కాసేపటికి బొమ్మ ప్రాణం పోయిందన్నారు.

"ఆయాసంతో దాని ఛాతీ ఎగిరెగిరి పడతాండె. నీ దుప్పటి కింద ఎవరికి కనపడతాదమ్మా?" అంది శిక్షణ ఇచ్చే ప్రమీలారాణి. నబీసాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు వార్డులో, ఆపరేషన్ అయిన పత్తికొండ ఉరుకుందమ్మ "నేను బాగనే ఉండా పాపా" అంటూ దుప్పటి బిగించి పట్టుకుంది. నబీసా మెల్లగా తీసేసింది.

"చలి పెడతాంటే లాగుతావేంది, కండ్లు కనపడల్యా!" అని తిట్టడానికే ముసలామె ఊపిరందక రెండుసార్లు ఆగింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నబీసా డాక్టరు కోసం పరిగెత్తింది.

ఐసీయూ నుంచి తిరిగొచ్చాక ఉరుకుందమ్మ మొదట అడిగింది దుప్పటినే. నబీసా తెచ్చి కప్పింది, నడుముదాకా.