ఎందుకమ్మ అడిగిన ప్రశ్న

మాంసం కొట్టతను ప్రతి శుక్రవారం ఒకటే హాస్యం ఆడేవాడు. "వారం వారం మెదళ్ళు పట్టుకెళ్తున్నారు, మీ బళ్ళో అంత కరువా టీచరమ్మా?" అని. సైన్సు టీచరు నవ్వేసి, రెండు గొర్రె మెదళ్ళు డబ్బాలో పెట్టించుకుని, ఇంట్లో ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనక దాచేది. ఆమె భర్త ఆ అర జోలికి వెళ్ళడం ఎప్పుడో మానేశాడు.

ఆ బడి పిల్లలకు సైన్సంటే పరీక్ష ముందురోజు బట్టీ పట్టి, మర్నాడు కక్కేసేది. పదహారేళ్ళు అలా చెప్పీ చెప్పీ టీచరుకు తన గొంతు తనకే విసుగు పుట్టింది. ఆ విసుగులోనే శనివారం మెదడు క్లాసు మొదలుపెట్టింది. మార్కుల్లేవు, హాజరు లేదు, ఇష్టమైనవాళ్ళు రావచ్చు. మొదటి వారం నలుగురు వచ్చారు, అందులో ఇద్దరు వాన తగ్గేదాకా ఆగడానికి. ఆమె వాళ్ళచేత అద్దంలో చూస్తూ పేర్లు రాయించింది. ఒక కన్ను మూయించి, కాగితం మీద చుక్క మాయమయ్యే చోటు వెతికించింది. ముక్కు మూసుకున్న పిల్లల చేతనే మెదడు మడతల్లో వేళ్ళు పెట్టించింది. నెల తిరిగేసరికి బెంచీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు.

వాళ్ళలో ఒక పద్నాలుగేళ్ళ పిల్లకు తోటివాళ్ళు ఎందుకమ్మ అని పేరు పెట్టారు. ఏం చెప్పినా "ఎందుకు?" అనేది. అరిగిన చెప్పులు, ఎవరివో సరిచేసిన బట్టలు, చేతిలో ఎప్పుడూ దళసరి నోటుపుస్తకం. క్లాసు అయిపోయినా కదిలేది కాదు. కత్తులు కడిగే దగ్గర నిలబడి ఇంకో నాలుగు అడిగేది. ఇలాంటి పిల్ల ఒక్కతి దొరికినా చాలు, తన చదువు సార్థకమే అనుకుంది టీచరు. కాలేజీ రోజుల్లో కొనుక్కున్న పుస్తకం, తన కొడుకును కూడా ముట్టుకోనివ్వనిది, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

ఆ శనివారం కదలికల పాఠం. టీచరు మెదడును కోసి, లోపల దాగిన బూడిదరంగు ముద్దను కత్తిమొనతో చూపించింది.

"బండికి బ్రేకులెలాగో ఒంటికి ఇది అలాగ. ఇది ఉండబట్టే మీ చేతులు ఊరికే ఉండగలుగుతున్నాయి."

"అది పాడైతే?" అంది ఎందుకమ్మ.

"వద్దన్నా కాళ్ళూ చేతులూ కదులుతూనే ఉంటాయి. గ్లాసు పట్టుకుంటే ఒలికిపోతుంది. నడుస్తుంటే, చూసేవాళ్ళు తాగి తూలుతున్నాడనుకుంటారు. కోపం పెరుగుతుంది, మాట ముద్దయిపోతుంది. అలాంటి జబ్బొకటుంది."

"ఎందుకొస్తుంది?"

ఆ గొంతులో తేడా ఉంది. టీచరుకు వినిపించలేదు. ముప్పైమంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని తనవైపే చూస్తున్నారు. వినేవాళ్ళు దొరికితే చెప్పేవాళ్ళకు ఒళ్ళు తెలియదు. ఆమె పర్సులోంచి నాణెం తీసింది.

"అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకొస్తుంది. అందరికీ కాదు. ఒక్కొక్కళ్ళకీ విడిగా ఇదిగో, ఇలా ఎగరేసినట్టు. బొమ్మ పడితే వస్తుంది, బొరుసు పడితే రాదు. ముప్పై, నలభై ఏళ్ళు వచ్చేదాకా బయటపడదు."

నాణెం గాల్లోకి లేచింది. బొమ్మ, బొరుసు అంటూ పిల్లలు అరిచారు. బొమ్మ పడింది. బొమ్మన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"మందుందా టీచర్?" అడిగింది ఎందుకమ్మ.

"ఇంకా లేదు. మీలోనే ఎవరో కనిపెట్టాలి" అంది టీచరు ఉత్సాహంగా.

ఆ పిల్ల నోటుపుస్తకం మూసేసింది. ఆరోజు కత్తులు కడిగే దగ్గరికి రాలేదు. తర్వాతి రెండు శనివారాలూ క్లాసుకే రాలేదు.

మూడోవారం మధ్యలో ఒకావిడ బడికి వచ్చింది. బట్టలు సరిచేసే దర్జీ. జాకెట్టు అంచుకు గుండుసూదులు గుచ్చుకుని అలాగే వచ్చేసింది. ఎందుకమ్మ తల్లినని చెప్పి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆయన బస్సు నడిపేవాడండీ. తాగి నడుపుతున్నాడని ఉద్యోగంలోంచి తీసేశారు. జన్మలో చుక్క ముట్టని మనిషి. అసలు సంగతి తర్వాత డాక్టర్లు చెప్పారు."

టీచరు కుర్చీలోంచి లేచింది.

"పిల్లలకి నరాల నీరసం అని చెప్పుకొచ్చాం. పెద్దదానికి పద్దెనిమిది నిండాక పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని చెబుదామనుకున్నాం. తనకి మాట పడిపోకముందే తనే చెప్పాలని ఆయన ఆశ. మీరు నాణెం ఎగరేసి చెప్పేశారు."

"నాకు తెలీదమ్మా, ఒట్టు..."

"తెలీదని తెలుసు. అందుకే అరవట్లేదు." ఆవిడ జాకెట్టు అంచున గుండుసూది ఒకటి పీకి మళ్ళీ గుచ్చుకుంది. "అది తిండి మానేసింది. మా మాట వినట్లేదు. మీ మాటైతే వింటుందేమోనని వచ్చాను."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తన పిల్లలకు చిన్నప్పుడు చెప్పిన ఆ మాట వాళ్ళింటికి వెళ్ళే దారి పొడుగునా టీచరు చెవుల్లో మోగుతూనే ఉంది.

వాళ్ళది మూడో అంతస్తు. ముందుగదిలో కుట్టుమిషను, చీటీలు గుచ్చిన బట్టల గుట్టలు. బల్ల మూలలకు పాతగుడ్డలు మెత్తగా కుట్టి తొడిగి ఉన్నాయి. గాజు వస్తువన్నది ఎక్కడా లేదు. గోడకు బిగించిన కుర్చీలో తండ్రి కూర్చుని ఉన్నాడు. కూర్చున్నాడనడానికి లేదు, ఆ ఒళ్ళు ఒక్క క్షణం నిలకడగా లేదు. టీచరును చూసి నమస్కారం పెట్టబోయాడు. చేతులు రెండూ చెరో దారి పట్టాయి.

"మీ క్లాసు... బా...గుంటుంది" అన్నాడు కష్టపడి.

టీచరుకు అర్థంకాలేదు. తల్లి చెప్పింది. "ప్రతి శనివారం వచ్చి పాఠమంతా వాళ్ళ నాన్నకి అప్పజెప్పేది. ఇద్దరూ ఒకటే నవ్వులు. ఆ శనివారం ఏం చెప్పలేదు. నోరు విప్పకపోయేసరికి ఆయనకి అర్థమైపోయింది."

వెనక వసారాలో, ఆరేసిన దుప్పట్ల మధ్య ఎందుకమ్మ కూర్చుని ఉంది. పక్కన ఆరేళ్ళ చెల్లెలు బొమ్మకు జడ వేస్తోంది. అక్క సైగ చేయగానే లోపలికి పోయింది.

"మీరు చెప్పింది తప్పని చెప్పండి టీచర్."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ కళ్ళను చూస్తూ ఆమె అనలేకపోయింది.

"చెప్పింది తప్పు కాదు. చెప్పిన తీరు తప్పు. నన్ను తిట్టు."

"తిడితే ఏమొస్తుంది?" ఆ పిల్ల దుప్పటి అంచు మెలిపెట్టింది. "నాదొకటి, చెల్లిదొకటి. రెండూ బొరుసే పడొచ్చు కదా?"

"పడొచ్చు."

"రెండూ బొమ్మ?"

"పడొచ్చు."

"ఒక్కళ్ళకే రావాలంటే నాకే రావాలని దణ్ణం పెట్టుకున్నా. అలా కుదరదు కదా టీచర్?"

"కుదరదు తల్లీ."

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. టీచరు పక్కన కూర్చుంది. లోపల కుట్టుమిషను చప్పుడు మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది.

ఆ వారమే టీచరు శనివారం క్లాసు ఎత్తేసింది. గొడవ వదిలిందని హెడ్మాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు. పిల్లలు కొన్నాళ్ళు వెంటపడి, తర్వాత బంతాటకు పోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆమెకు తెలుసు. అయినా ఆ గది తలుపు తెరవబుద్ధి కాలేదు.

నాలుగు నెలలకు ఎందుకమ్మ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. బాగా చిక్కిపోయింది.

"క్లాసు మళ్ళీ పెట్టండి టీచర్."

"ఎందుకు?" అని టీచరే అడిగింది ఈసారి.

"నాన్నకి శనివారాలు తోచట్లేదు."

మళ్ళీ పెట్టింది. ఇంతకుముందులా పెట్టలేకపోయింది. ఒక్కొక్క మాటా నోట్లో తిప్పి చూసుకుని చెప్పేది. ఎవరి ఇంట్లో ఏముందో అని ముప్పై మొహాలనూ వెతుక్కునేది. పాఠం చప్పబడింది, పిల్లలు తగ్గారు. ఎందుకమ్మ మాత్రం మానలేదు. బడి ముగిసేదాకా రాసుకుని వెళ్ళింది, తండ్రికి చెప్పింది. చివరి రోజుల్లో ఆయనకు ఎంత అర్థమయ్యేదో ఎవరికీ తెలియదు. ఆమె కాలేజీలో చేరిన ఏడాదే ఆయన పోయాడు.

ఆమె తీసుకున్నది మెదడు చదువే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు శనివారం క్లాసు తనే చెప్పేది. ఆమె చెబితే పిల్లలు మళ్ళీ కిటికీ గట్లెక్కారు. పద్దెనిమిది దాటి రెండేళ్ళయింది. ఆ జబ్బు వస్తుందో రాదో ముందే తేల్చే రక్తపరీక్ష చేయించుకున్నావా అని టీచరు అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒకరోజు బోర్డు మీద బొమ్మ గీస్తూ గీస్తూ ఆమె చేతిలో సుద్దముక్క విరిగింది. సుద్దముక్కలు ఎవరి చేతిలోనైనా విరుగుతాయి. చివరి బెంచీలోంచి టీచరు చూపు ఆ చేతి మీదికి పోయింది. ఎందుకమ్మ వంగి ముక్క తీసుకుని, గీత పూర్తిచేసి, ఒక్కసారి వెనక్కి చూసింది.

క్లాసయ్యాక కుళాయి దగ్గర కత్తులు కడుగుతూ అంది. "మీరూ చూస్తున్నారు టీచర్."

"లేదమ్మా..."

"ఇంట్లో అమ్మా అంతే. సూదిలో దారం ఎక్కించమని రోజుకు పదిసార్లు ఇస్తుంది. కళ్ళు కనిపించక కాదు. ఎక్కించి ఇస్తాను." కత్తి తుడిచి పక్కన పెట్టింది. "నన్ను చూస్తే చూడండి, నాకలవాటైపోయింది. వచ్చే వారం నుంచి చెల్లి క్లాసుకొస్తానంటోంది. దాని చేతులు మాత్రం చూడకండి."

టీచరు తలూపింది.

తర్వాతి శనివారం ఆ చిన్నది వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. మొదటి అయిదు నిమిషాల్లోనే చెయ్యెత్తి "ఎందుకు?" అని అడిగింది. గదంతా నవ్వింది. ఆ గంటసేపు చూపు ఎక్కడ పెట్టుకోవాలో టీచరుకు తెలియలేదు.