పేరు కొట్టించిన పళ్లెం

కనకరత్నం పొద్దున్నే వాకిట్లో నీళ్లు జల్లి ముగ్గేసి, కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చుని ఫోను తెరిచేది. ఏలూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు నడిపే ఆమె తమ్ముడు గిరిధర్, ముందురోజు వేసిన ‘అశ్రునివాళి’ ఫ్లెక్సీలన్నీ అప్పటికే పంపి ఉండేవాడు. పోయినవారి ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద వరసగా భార్య, కొడుకులు, కోడళ్లు, మనవల పేర్లు. ఫ్లెక్సీలో పట్టనివి వాయిస్ మెసేజీలో చెప్పేవాడు. ఈయనకి చుట్ట అలవాటట, ఆవిడకి చిన్నకోడలంటే పంచప్రాణాలట, ఫలానావారు ఆఖరి రోజుల్లో జున్ను అడిగితే పెట్టలేకపోయారట. ఏడుస్తూ వచ్చినవాళ్లు అడక్కుండానే అన్నీ చెప్పేస్తారు. ఫోటో చుట్టూ పూలదండ అతికిస్తున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు చెప్పండి?

కాఫీ అయ్యేసరికి కనకరత్నానికి పాఠం వచ్చేసేది. తొమ్మిదింటికి తలుపు తీసేది. వచ్చినవాళ్లు చాప మీద కూర్చునేవారు. ఆమె కళ్లు మూసుకుని, రెండు నిమిషాలు బరువుగా ఊపిరి పీల్చి, పోయినవారి గొంతుతో మాట్లాడేది. మగగొంతు, ముసలిగొంతు, చంటిపిల్ల గొంతు, ఏదైనా సరే. ఆ విద్య ఆమెకి దేవుడిచ్చాడు. దాంతో ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

ఇదంతా గూడబాతుల ఆలస్యం వల్ల వచ్చిన పని. కొల్లేటి చుట్టుపక్కల మనిషి పోతే ఆఖరి మాట గూడబాతు ముక్కు కింది సంచిలో పడుతుంది. ఇంటివాళ్లకి అది తెచ్చి అప్పగిస్తుంది. కాకపోతే పక్షికి మన తొందర ఉండదు. పదిహేను రోజుల్లో రావచ్చు, రెండేళ్లు పట్టచ్చు. అందుకని పదకొండో రోజు అయ్యాక బజారుకెళ్లి స్టీలు పళ్లెం కొని, పోయినవారి పేరు కొట్టించి, రోజూ అందులో గుప్పెడు పరిగె చేపలు వేసి పిట్టగోడ మీద పెడతారు. నీచు ముట్టని ఇళ్లవాళ్లు పక్కింటివాళ్ల చేత వేయిస్తారు. ఆ పేరున్న పళ్లెం ఎక్కడుంటే బాతు అక్కడ వాలుతుంది. పరిగెలు మింగి, నోరు తెరిచి, మాట వదులుతుంది. పోయినవారి గొంతే, ఒక్కసారే. పళ్లెం కనపడకపోతే వెనక్కి తిరిగి నడి కొల్లేట్లో మాట జారవిడిచేస్తుంది.

మాట అందాక ఆ పళ్లెం ఇంట్లో వాడరు, పారేయనూ లేరు. బాతు కోసం ఆగలేక కనకరత్నం దగ్గర మాట విన్నవాళ్లు పళ్లెం కూడా ఆమెకే ఇచ్చి వెళ్లేవారు. అలా ఆమె అటక మీద పళ్లేలు దొంతర్లుగా పేరుకుపోయాయి. అన్నిటికన్నా అడుగున ఉన్నది ఆమె భర్త కృష్ణమూర్తిది.

ఆయన ఆకివీడులో చేపల లారీలకి ఐసు తోలేవాడు. ఒక వానాకాలం దోనె తిరగబడి కొల్లేట్లో పోయాడు. కనకరత్నం, ఆమె అత్తగారు అచ్చాయమ్మ ఏడాదిన్నర పరిగెలు పెట్టారు. బాతు రాలేదు. అచ్చాయమ్మ మంచం పట్టింది. కొడుకు మాట వినకుండా కళ్లు మూయలేనని రోజూ గోడకేసి చూస్తూ పడుకునేది. ఒక మధ్యాహ్నం కనకరత్నం చూడలేకపోయింది. “అత్తయ్యా, మీరు నిద్రలో ఉండగా వచ్చింది. అమ్మని బాగా చూసుకో అన్నారు,” అని, ఆ ఆఖరి మాట భర్త గొంతుతో చెప్పింది. ముసలావిడ ముఖం వెలిగిపోయింది. “ఇంక పళ్లెం తీసెయ్యమ్మా,” అంది. తియ్యకపోతే అబద్ధం బయటపడుతుంది. తీసేసింది. వారానికి అత్తగారు హాయిగా పోయింది. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు గూడబాతు వచ్చి, ఇంటి మీద రెండు చుట్లు తిరిగి వెళ్లిపోయిందని ఎదురింట్లో బట్టలు ఇస్త్రీ చేసే మార్తమ్మ చెప్పింది. కనకరత్నం ఆ రోజు రేషనుకి వెళ్లింది.

అసలు మాటలు ఏమంత గొప్పగా ఉంటాయని ఆమె మనసుకి సర్దిచెప్పుకునేది. ‘మోటారు కట్టెయ్యండి’, ‘కాస్త మంచినీళ్లు’, ఇలాంటివే ఎక్కువ. తను చెప్పేవి అంతకంటే బాగుంటాయి, వినేవాళ్ల గుండె చల్లబడుతుంది. ఏడేళ్లు అలా గడిచాయి.

ఒక శుక్రవారం పాపారావు అనే ఆయన వచ్చాడు. ఆకివీడు అవతల చేపల చెరువులున్న మనిషి. చాప మీద కూర్చోకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అక్కయ్యగారూ, మా అన్నయ్య సత్యనారాయణమూర్తి పోయి అయిదు నెలలైందండి. చెరువు గట్టు మీదే గుండె ఆగిపోయింది. రేపు ఆయన కూతుర్ని తీసుకొస్తాను. చెరువు బాబాయి పేర రాసిమ్మని అన్నయ్య నోట ఒక్క మాట రావాలండి.”

“నేను అలాంటివి చెప్పనండి. పోయినవారు ఏదంటే అదే,” అంది కనకరత్నం.

పాపారావు నవ్వాడు. “మీ తమ్ముడిగారి షాపులో ఫ్లెక్సీ వేయించినప్పుడు, మా అన్నయ్యకి వీపు మీద కాలిన మచ్చ ఉందని చెప్పానండి. ఏ మచ్చా లేదు. నాలుగు రోజులకి మా మేనత్త మీ దగ్గరికొస్తే, అన్నయ్య ఆ మచ్చ గురించి మాట్లాడాడట. ఎలా తెలిసిందంటారు?”

కనకరత్నం సరేనని తలూపింది. ఇన్నేళ్లలో ఆమె తీపి అబద్ధాలే చెప్పింది, ఎవరి నోటి దగ్గర కూడూ తియ్యలేదని లోపల ఒక గర్వం ఉండేది. ఆ పూటతో అదీ పోయింది.

మర్నాడు పాపారావు కారులో తేజస్వి వచ్చింది. పాతికేళ్లుంటాయి, తాడేపల్లిగూడెంలో కాలేజీ ల్యాబులో పని. చేతిలో పళ్లెం, పైన మూత. పొద్దున్న వేసిన పరిగెలు వేసినట్టే ఉన్నాయి, బాబాయి తొందరపెడితే అలాగే పట్టుకొచ్చేసింది. నీచువాసన లోపలికెందుకని పళ్లెం పిట్టగోడ మీద పెట్టి, మూత తీసి కిందపెట్టి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది.

“ఏం తెలుసుకోవాలమ్మా?” అంది కనకరత్నం.

“జ్వరంతో చెరువుకి వెళ్లారని ఆ రోజు ఫోన్లో పోట్లాడానండి. మీ ఇష్టం, ఇంక నన్ను అడక్కండి అని పెట్టేశాను. అరగంటకి మనసాగక మళ్లీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కోపంతో ఎత్తలేదా అండి? అదొక్కటీ తెలిస్తే చాలు.”

కనకరత్నం కళ్లు మూసుకుంది. బరువైన మగగొంతు తెచ్చుకుంది. “తేజూ... నా బంగారు తల్లీ... నీ మీద కోపం లేదమ్మా. చెరువు బాబాయి చేతిలో పెట్టు. అప్పుడే నాకు శాంతి.”

తేజస్వి వెక్కి వెక్కి ఏడ్చింది. అలాగే నాన్నా, సోమవారమే సంతకం పెట్టేస్తానంది. ఆ చెరువు మీదే ఆమె తల్లి బతుకు ఆధారపడి ఉందని కనకరత్నానికి గిరిధర్ వాయిస్ మెసేజీ ద్వారా తెలుసు. పాపారావు కళ్లు తుడుచుకుంటూ కారు తలుపు తీశాడు. పళ్లెం గోడ మీదే ఉండిపోయింది.

వాళ్లు వెళ్లిన గంటకి, పళ్లెం తీసి కడుగుదామని కనకరత్నం బయటికొచ్చింది. రెక్కల చప్పుడు వినిపించింది. ఇంత పెద్ద గూడబాతు గోడ మీద వాలింది. ఎదురింటి మార్తమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చేతులు జోడించింది. సైకిలు మీద పోతున్నాయన దిగి నిలబడ్డాడు. బాతు పరిగెలు మింగింది, తల ఎత్తింది, నోరు తెరిచింది.

ముందు ఫోను మోగుతున్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ముక్కు దిబ్బడేసిన మగగొంతు, కాస్త నవ్వుతూ, “ఉండరా పెద్దోడా, వస్తున్నా. చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకుని ఎత్తుతా.”

అంతే. బాతు రెక్కలు విదిలించి కైకలూరు వైపు లేచిపోయింది. సైకిలాయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

“ఎవరిదండీ?” అంది మార్తమ్మ.

“మా ఇంటిది కాదు మార్తమ్మా. పొరపాటున నాకు అందింది.”

“అయితే వెంటనే వెళ్లి చెప్పేయండి. మళ్లీ మర్చిపోతారు.”

కనకరత్నం అరుగు మీద కూలబడింది. జీవితంలో మొదటిసారి ఆమెకి నిజమైన మాట దొరికింది. ఆ పిల్ల అయిదు నెలలు ఎదురుచూసిన గొంతు, ఆ పిల్ల వినాల్సిన గొంతు, తన చెవిలో పడి అయిపోయింది. వాళ్లింటి గోడ మీదే ఆ పళ్లెం ఉండి ఉంటే తల్లీకూతుళ్లిద్దరూ వినేవారు. అటక మీద ఉన్న పళ్లేలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఎన్ని గొంతులు నడి కొల్లేట్లో కలిసిపోయాయో తలుచుకుంటే ఆమెకి ఏడుపు కూడా రాలేదు, సిగ్గేసింది.

చెబితే పాపారావు ఊరుకోడు. గిరిధర్ షాపు మీదికీ వస్తుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా పళ్లెం కడిగి తుడిచి సంచిలో పెట్టుకుని, ఆకివీడు వెళ్లే రెండింటి బస్సెక్కింది. కైకలూరులో బస్సు ఆగినప్పుడు దిగి వెనక్కి పోదామా అనుకుంది. దిగలేదు.

తేజస్వి వాళ్ల వసారాలో పాపారావే కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమెని చూసి గబుక్కున లేచాడు. “మీరెందుకొచ్చారండీ?”

కనకరత్నం లోపలికి చూసి తేజస్విని పిలిచింది. తేజస్వి బయటికొచ్చాక పళ్లెం ఆమె చేతికిచ్చింది. “అమ్మా, పొద్దున్న నువ్వు విన్నది మీ నాన్నగారి మాట కాదు. నేను కల్పించింది. మీ బాబాయిగారు చెప్పమన్నది. మా తమ్ముడు ఫ్లెక్సీల షాపులో అందరి వివరాలూ సేకరిస్తాడు, నేను గొంతు మారుస్తాను. ఏడేళ్లుగా ఇదే నా పని. మీరు వెళ్లాక ఈ పళ్లెం మీద గూడబాతు వాలింది. అసలు మాట నేను విన్నాను.”

పాపారావు గట్టిగా నవ్వాడు. “చూశావా తల్లీ? మోసం చేశానని తనే ఒప్పుకుంటోంది. పొద్దున్నది అబద్ధమైతే ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమా? సంతకం మాన్పించడానికి ఎవరో పంపించారు.”

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. కనకరత్నం తల వంచుకుంది. తను నమ్మకంగా చెప్పినవన్నీ అబద్ధాలే. సొంత గొంతుతోనే, ఏ రాగం లేకుండా, బడిలో పిల్లలు అప్పజెప్పినట్టు చెప్పింది. “ఫోను మోగుతోంది. ఉండరా పెద్దోడా, వస్తున్నా, చేతులు తడిగా ఉన్నాయి, తుడుచుకుని ఎత్తుతా, అన్నారు.”

తేజస్వి చేతిలో పళ్లెం కిందపడింది. చాలాసేపు గుండ్రంగా తిరిగి ఆగింది.

“ఏమన్నారు నన్ను?”

“పెద్దోడా అన్నారమ్మా. నువ్వు ఆడపిల్లవి కదా, నాకూ అర్థం కాలేదు.”

“గొంతు ఎలా ఉంది?”

“జలుబు చేసినట్టుంది. కానీ నవ్వుతున్నారు.”

తేజస్వి మెట్టు మీద కూర్చుండిపోయింది. “మీరు పొద్దున్న తేజూ అంటే ఎవరో పరాయివాళ్లు పిలిచినట్టనిపించింది. పోయినవాళ్లు అలా మారిపోతారేమో అనుకున్నాను.” తల తిప్పకుండానే, “బాబాయ్, మీరు ఇంటికెళ్లండి. సోమవారం నేను రావట్లేదు,” అంది. పాపారావు ఆ పిల్ల ముఖం చూసి చెప్పులేసుకున్నాడు. గేటు దగ్గర ఆగి కనకరత్నంతో, “రేపటికల్లా ఏలూరంతా తెలుస్తుందండి,” అన్నాడు. తెలియాల్సిందేనండి అంది ఆమె.

తేజస్వి ఆ మాట మళ్లీ చెప్పమంది. కనకరత్నం చెప్పింది. ఇంకోసారి చెప్పమంది. అలా ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చివరికి ఆ పిల్ల ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “మీకు గొంతులు వస్తాయి కదండీ. మీరు విన్నారు కదా. నాన్న గొంతుతో ఒక్కసారి, ఒక్కసారి చెప్పండి. మీకు దణ్ణం పెడతాను.”

గొంతు అక్కడే ఉంది, నాలిక చివరే ఉంది. ముక్కు దిబ్బడ, నవ్వు, ‘పెద్దోడా’ అనడంలో ఆ ముద్దు, అన్నీ అచ్చు దించేయగలదు. ఆ పిల్ల కళ్లు చూస్తే అడిగింది ఇచ్చేయాలనిపించింది. అత్తగారి మంచం పక్కన కూడా ఇలాగే అనిపించింది.

“వద్దమ్మా,” అంది. “నేను చెబితే రేపటినుంచి నీకు నా గొంతే గుర్తుంటుంది. ఆయనది పోతుంది.”

“మరి నాకు ఆయన గొంతు ఎలా?”

తేజస్వి చేతులు వదిలేసింది. మంచినీళ్లు తాగుతారా అని అడగలేదు, కూర్చోమనలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని బస్సులో దారంతా అనుకుంది కనకరత్నం.

పాపారావు అన్నంత పనీ చేశాడు. గిరిధర్ షాపు మూసి జంగారెడ్డిగూడెం వెళ్లిపోయాడు, అక్కతో మాటల్లేవు. కనకరత్నం అటక మీద పళ్లేలన్నీ దించి, పేర్లు చూసుకుని, రోజుకి రెండిళ్ల చొప్పున తిరిగి ఇచ్చి వస్తోంది. కొందరు మొహం మీద తలుపేశారు. నల్లజర్లలో ఒకావిడ చెంప మీద కొట్టి, ఆ తర్వాత అదే చేత్తో పళ్లెం తీసుకుని వెంటనే గోడ మీద పెట్టింది. ఒకసారి వెనక్కి పోయిన బాతు మళ్లీ రాదని ఇద్దరికీ తెలుసు.

అన్నీ ఇచ్చేశాక అడుగునున్న కృష్ణమూర్తి పళ్లెం ఒకటి మిగిలింది. అది ఎవరికివ్వాలి? కనకరత్నం దాన్ని చింతపండుతో తోమి, అక్షరాల్లో పట్టిన మురికి పిన్నీసుతో తీసి, గుప్పెడు పరిగెలు వేసి పిట్టగోడ మీద పెట్టింది. రోజూ పెడుతోంది. ఎదురింట్లోంచి మార్తమ్మ చూస్తుంది. పొద్దున్న ఎనిమిదింటికి గూడబాతులు కొల్లేటి వైపు బారులుగా పోతాయి. మొన్న ఒకటి బారు విడిచి కిందికి వచ్చి, ఇంటి మీద ఒక చుట్టు తిరిగింది. కనకరత్నం చేతులు జోడించి నిలబడింది. దాని ముక్కు కింది సంచి ఖాళీగా వేలాడుతోంది. అది వెళ్లిపోయాక కూడా ఆమె పళ్లెం తియ్యలేదు.